పంజాగుట్ట ఎక్కిన బొంబాయి ఇల్లు

ఇప్పటి పిల్లలకు ఇల్లు మారడమంటే సామాను సర్దుకోవడమే. ఇల్లు ఉన్నచోటే ఉంటుంది, మనుషులూ గిన్నెలూ కదులుతారు. మా కాలంలో మా ఇల్లే కదిలి మా దగ్గరికి వచ్చిందంటే నా మనవరాలు నమ్మలేదు. అందరి ఇళ్లూ అలా వచ్చేవని నేననను. మాది వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన కొత్తలో అమీర్‌పేట ఇంకా పల్లెటూరి పోలికలు వదలలేదు. పంజాగుట్ట అంటే బండలూ, సీతాఫలం చెట్లూ, అక్కడక్కడా మేకలూ. నాకు పెళ్లయి ఏడాది కూడా కాలేదు. ఆ ఇల్లు సదాశివపేట అవతల బయలుదేరి మా దాకా రావడానికి వారం పైనే పట్టింది. ఆ వారమంతా నేను కోపంగానే ఉన్నాను. (ఎంత కోపమంటే, ఇప్పుడు తలుచుకున్నా మెడ నరం లాగుతుంది.)

నేను సిద్దిపేటలో మగ్గాల చప్పుడు మధ్య పెరిగినదాన్ని. మా ఆయన అమీర్‌పేటలో దర్జీ. దుకాణం వెనక ఒకే ఒక గది. అందులో మేమిద్దరం, రెండు కుట్టుమిషన్లు, పైకప్పు దాకా బట్టల మూటలు, ఇంకా మా చిన్నమామ, అంటే మా మామగారి తమ్ముడు. బజారంతా ఆయన్ను హిక్మతు మామ అనేది. ఎవరికి ఏ చిక్కొచ్చినా ఆయన దగ్గర ఒక ఉపాయం తయారుగా ఉండేది. ఆ ఉపాయం తెచ్చిపెట్టే చిక్కుకు మాత్రం ఎన్నడూ ఉండేది కాదు. తండ్రి లేని మా ఆయన్ను పెంచి, కత్తెర పట్టడం నేర్పింది ఆయనే. అందుకని ఆయన ఏం చెప్పినా మా ఆయన నోట "సరే కాకా" తప్ప రెండో మాట వచ్చేది కాదు. ఆ "సరే" వినబడితే చాలు, నా చేతిలో ఏ గిన్నె ఉంటే అది నేల మీద గట్టిగా పడేది.

ఒకరోజు అన్నం తింటూ చిన్నమామ సంగతి బయటపెట్టాడు. "గీ ఒక్క అర్రల ఎన్నొద్దులని ఉంటరు బిడ్డా. సదాశివపేట అవతల సడక్ కాంట్రాక్టరు ఇల్లొకటున్నది. బొంబాయి కార్ఖానల తయారైన ఇల్లు. గోడలు, కిటికీలు, తలుపు, అంత చెక్కపలకలే, పైన రేకులు. బోల్టులు ఇప్పాలె, బండ్లల్ల ఏసుకోవాలె, తెచ్చి మళ్ల బిగియ్యాలె. పంజాగుట్ట మీద నాకెరుకైనాయన జాగ ఇస్తనన్నడు. జర సోంచాయించురి."

ఆలోచించమన్నాడే గాని, అప్పటికే ఆయన ఆలోచన పూర్తయిపోయింది. ఆ ఇంటికి మారుగా మా రెండో మిషను ఇస్తానని కాంట్రాక్టరుకు మాటిచ్చేశాడు. వచ్చే నెల గది ఖాళీ చేస్తామని దుకాణం యజమానికీ చెప్పేశాడు. గదిలోకి ఇంకో దర్జీ కుటుంబం రావడం కూడా ఖాయమైపోయింది. మా ఆయన తలెత్తకుండా "సరే కాకా" అన్నాడు. ఆ రెండో మిషను మీదే నేను రవికెలు కుట్టడం నేర్చుకుంటున్నాను. నన్నొక్క మాట అడిగినవాడు లేడు. మర్నాడు పప్పులో ఉప్పు వేయడం మరిచిపోయాను. (మరిచిపోయానని చెప్పాను.)

చిన్నమామ మిషనుతో వెళ్లాడు. రోజులు గడిచాయి గాని ఇల్లు రాలేదు. గదిలోకి రావలసిన వాళ్లు తమ పెట్టెలు తెచ్చి మా గుమ్మంలో పేర్చడం మొదలుపెట్టారు. చివరికి ఆ దారిన వచ్చిన బండివాడొకడు దుకాణం ముందు ఆగి చల్లగా చెప్పాడు. "మీ ఇల్లు పటాన్‌చెరు కాడ చింతచెట్టుకు తట్టుకున్నదన్నా. కదుల్తలేదు." మా ఆయన నా వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను. ఆ సాయంత్రమే ఇద్దరం బస్సెక్కాం.

పటాన్‌చెరులో చూసిందాన్ని ఏమనాలో అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు. గోడల బోల్టులన్నీ తుప్పు పట్టి ఒక్కటీ రాలేదట. అందుకని చిన్నమామ రెండు ఎడ్లబండ్లను పక్కపక్కన కట్టి, వాటి మీద అడ్డంగా దుంగలు పరిచి, ఇంటిని ఇల్లుగానే ఎక్కించాడు. అది రోడ్డంతా ఆక్రమించి, చింతకొమ్మల్లో తల దూర్చి నిలబడి ఉంది. ఎడ్లు విప్పి ఉన్నాయి. తలుపు తీసే ఉంది. లోపల చిన్నమామ నులకమంచం మీద పడుకొని, ఊరివాళ్లు నలుగురికి బొంబాయి విశేషాలు చెబుతున్నాడు. ఆయన బొంబాయి ఎన్నడూ చూడలేదు.

"రా బిడ్డా, కూసో. ఇల్లెట్లున్నది?" అన్నాడు.

"ఇల్లెట్లుంటేంది మామా. రేపు మేమెక్కడ పండాలె? సడక్ మీదనా?" అన్నాను. పెళ్లయ్యాక ఆయన ముందు నేను గొంతెత్తడం అదే మొదటిసారి. ఊరివాళ్లు మెల్లగా లేచి వెళ్లిపోయారు. చిన్నమామ మాత్రం "ఫికర్ జెయ్యకు, హిక్మత్ ఉన్నది" అన్నాడు. కొమ్మ కొట్టడానికి చెట్టు యజమాని ఒప్పుకోలేదు గనక ఇంటి కప్పే తీసేయడం ఆ హిక్మత్. మేకులు పీకి, రేకులు ఇంకో బండిలో వేశారు. మా ఆయన ఏమన్నాడో చెప్పనక్కర్లేదు.

తెల్లారి బండ్లు కదిలేటప్పుడు నన్ను బస్సులో వెళ్లమన్నారు. నేను వెళ్లనన్నాను. గొడుగు తీసుకొని, కప్పు లేని ఆ ఇంట్లోకి ఎక్కి, కిటికీ దగ్గర పెట్టె వేసుకొని కూర్చున్నాను. ఎందుకంటే అక్కడి నుంచి ముందు నడుస్తున్న చిన్నమామ వీపూ, మా ఆయన వీపూ బాగా కనిపించేవి. చూపులతోనే ఆ రెండు వీపులనూ కాల్చేస్తూ పోయాను. ఎండ నెత్తిన మండుతోంది. గోడలు చెరో పక్కకు ఊగుతున్నాయి. దారిలో ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకొని చూశారు. సొంత ఇంట్లో గొడుగేసుకొని కూర్చున్న కోడలు వాళ్లకు మళ్లీ దొరకదు మరి. మా ఆయన రెండుసార్లు మంచినీళ్లు తెచ్చాడు. చెంబు తీసుకున్నాను గాని మాట మాత్రం కలపలేదు.

కూకట్‌పల్లి దగ్గర ఒక రాత్రి ఆగి, మర్నాడు ఎర్రగడ్డ చేరాం. అక్కడ బండ్లను తనిఖీ చేసే నాకా దగ్గర జవాను కర్ర అడ్డం పెట్టాడు. ఇంటి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, "గిది బండా, ఇల్లా?" అని అడిగాడు. బండి అయితే రోడ్డుకు ఓ పక్కన పోవాలట. ఇల్లయితే రోడ్డు మీద ఉండకూడదట. చిన్నమామ ఒకసారి బండి అనీ, ఒకసారి ఇల్లు అనీ చెప్పి వ్యవహారాన్ని పూర్తిగా చెడగొట్టాడు. జవాను అందరినీ దిగమన్నాడు. అందరూ దిగే ఉన్నారు, నేను తప్ప.

"అమ్మా, కిందికి దిగు" అన్నాడు.

"నేను మా ఇంట్ల కూసున్న. మా ఇంట్లకెళ్లి నన్ను దిగుమననీకి నువ్వెవరు?" అన్నాను. పొద్దుటి నుంచి వీపుల మీద ఖర్చు కాకుండా మిగిలిన కోపమంతా ఆ ఒక్క మాటలో పోయింది. ఆయన నన్నూ, నా గొడుగునూ చూశాడు. ఆయనింట్లోనూ నాలాంటిదొకతె ఉండి ఉంటుంది. "పోనియ్, పోనియ్, జల్దీ" అని కర్ర తీసేశాడు.

అమీర్‌పేట బజారులో దర్జీలందరూ మిషన్లు ఆపి బయటికొచ్చారు. పక్క దుకాణం పెద్దమ్మ పసుపు కుంకుమలతో ఎదురొచ్చి, కొత్త ఇంట్లోకి కుడికాలు పెట్టి రమ్మంది. లోపలే ఉన్నదాన్ని ఎలా రాను? దిగి మళ్లీ ఎక్కమంది. దిగలేదు. కిటికీలోంచే బొట్టు పెట్టింది. అప్పుడు కూడా నేను నవ్వలేదని తరువాత చాలాకాలం చెప్పుకున్నారు.

పంజాగుట్ట ఎత్తు దగ్గరికి వచ్చేసరికి ఎడ్లు మొండికేశాయి. బండివాళ్లు ఇక మావల్ల కాదని కూలబడ్డారు. సరిగ్గా అప్పుడే లక్డీకాపూల్ వైపు నుంచి టాంగాలో వస్తున్న హోటలాయన ఒకడు దిగి, ఇంటిని తట్టి చూసి, చాయ్ హోటలు పెట్టుకుంటాను, ఇక్కడే దించి ఇచ్చేయమన్నాడు. చిన్నమామ ముఖం వెలిగిపోయింది. "మంచి మోఖ రా, మళ్ల దొరకదు. ఎడ్లు సుత ఎక్కుతలేవు. గీడ్నే ఇచ్చేద్దాం. ఇంతకన్న మంచిది నేను జూపిస్త" అన్నాడు.

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ "సరే" వినబడగానే సిద్దిపేట బస్సెక్కుదామనుకున్నాను. ఉట్టిగా అనుకోవడం కాదు, నా బట్టల మూట దగ్గరికి లాక్కున్నాను.

మా ఆయన ఈసారి తలెత్తాడు. "వద్దు కాకా" అన్నాడు.

చిన్నమామ సరిగా వినబడలేదన్నట్టు చెవి ముందుకు పెట్టాడు.

"వద్దు. గిప్పటిదాంక నువ్వు జెప్పినట్టే జేసిన. గీ ఇల్లు నేను ఇయ్య. ఆమె ఎండల గీండ్లనే కూసోని వచ్చింది. ఇస్తే గిస్తే ఆమె ఇయ్యాలె."

అందరూ కిటికీ వైపు తిరిగారు. దారంతా కూర్చుకున్న మాటలు ఎన్నో ఉన్నాయి నా దగ్గర, ఒక్కటీ అక్కడికి పనికి రాలేదు. "మీదికే పోవాలె" అని, గొడుగు మడిచి కిందికి దిగాను. దిగి, వెనక గోడకు చేతులానించాను. నా పక్కన మా ఆయన నిలబడ్డాడు. బజారు నుంచి మా వెంట వచ్చిన దర్జీలు, టాంగావాడు, కాస్త గొణుక్కుంటూ ఆ హోటలాయనా భుజం పట్టారు. చిన్నమామ చెయ్యి వేయలేదు. ఎటు తోయాలో చెప్పాడు.

ఆయన చెప్పిన ప్రకారమే తోశాం గనక ఇల్లు గుట్ట మీద మా జాగాలో వెనకముందుగా దిగింది. తలుపు పెద్ద బండకు ఎదురుగా, జానెడు ఎడంలో ఉంది. మళ్లీ తిప్పే ఓపిక ఎవరికీ లేదు. "ఫికర్ లేదు బిడ్డా, తలుపు కిటికీ అయితది, కిటికీ తలుపు అయితది" అన్నాడాయన. పైన రేకులు మళ్లీ వేశాక కూడా కొన్నాళ్లు కిటికీలోంచే ఎక్కి దిగాను. దిగిన ప్రతిసారీ ఆయన్ను ఏదో ఒకటి అన్నాను. ఆయన ప్రతిసారీ, "నిజమే బిడ్డా" అన్నాడు. ఆ ఇంట్లోనే నా పిల్లలు పుట్టారు, ఆ ఇంట్లోనే ఆయన కన్నుమూశాడు. ఆ పొద్దు తిట్టడానికి ఎవరూ లేక నేను చాలాసేపు ఊరికే నిలబడ్డాను.

ఇప్పుడా ఎత్తు మీద బండలూ లేవు, ఇల్లూ లేదు, మా ఆయనా లేడు. నాకు కోపం కూడా మునుపటిలా రావడం లేదు. వచ్చినా ఆయాసం ముందొస్తుంది. మొన్న బస్సులో నా ముందు సీట్లో కొత్తగా పెళ్లయిన పిల్ల ఒకతె మొగుణ్ని పళ్లు బిగించి, ఎవరికీ వినపడకుండా సతాయిస్తోంది. గొంతు జర పెంచవే తల్లీ అనబోయి, నవ్వాపుకొని, కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.