నికెల్ పూత తుపాకులు

మా జిల్లా సాయుధ దళం ఆయుధాల గదిలో రెండు రకాల తుపాకులు ఉండేవి. ఒక రకం పేలేవి. రెండో రకం మెరిసేవి. పేలేవాటిని గోడవారగా గొలుసేసి నిలబెట్టేవాళ్లం. మెరిసేవాటికి మాత్రం అద్దాల బీరువా, మెత్తలు, దుప్పట్లు. పాత రైఫిళ్లకు నికెల్ పూత పూయించి, కట్టెకు వార్నిష్ కొట్టించి, లోపల తూటాను పేల్చే పిన్నులు తీసేసి, పెద్దవాళ్లు వచ్చినప్పుడు గౌరవ వందనానికి వాడేవాళ్లు. వాటి కొసన తగిలించే బాయినెట్లూ అదే జాతి. ఒక అధికారి తన పుట్టినరోజున సరదాపడి బాయినెట్‌తో కేకు కోయబోయాడు. కేకు నలిగింది. మేం చప్పట్లు కొట్టాం.

నేను ఎం.ఏ. రాజనీతిశాస్త్రం చదివి కానిస్టేబులునయ్యాను. తెల్ల చేతితొడుగులు వేసుకుని నికెల్ తుడవడానికి ఆ చదువు ఎక్కడా అడ్డం రాలేదు.

పర్ణశాల దాటాక అడవి అంచున ఉన్న ఒక గూడెంలో ముసలి సిపాయి ఒకాయన చనిపోయాడు. యుద్ధంలో పతకం తెచ్చుకున్న మనిషి. ప్రభుత్వ లాంఛనాలతో సాగనంపమని పైనుంచి ఆదేశం వచ్చింది. గాలిలోకి మూడుసార్లు కాల్చాలి కాబట్టి, అలాంటి పనికి పేలే తుపాకులు, గుండు లేని ఉత్త మందు తూటాలు తీసుకుపోవడం మా ఆనవాయితీ. ఈసారి మాత్రం పెద్ద సారు వస్తున్నాడని, వెంట టీవీ వాళ్లుంటారని తెలిసి మా ఇన్‌స్పెక్టరు మెరిసేవి తీయమన్నాడు.

"సార్, అవి పేలవు," అన్నాను.

"పేలేది టీవీల కనబడ్తదా? మెరిసేది కనబడ్తది. జల్దీ ఎక్కించు."

ఎం.ఏ.లో ఇంత గట్టి వాదన నాకు తగల్లేదు. ఎక్కించాం. గీతలు పడతాయని తుపాకులను సీట్ల మీద పడుకోబెట్టి, మేం ఆరుగురం కింద రేకు మీద కూర్చున్నాం. సారపాక దాకా జామాయిల్ కర్రల లారీల వెనకే పాకింది మా వ్యాను. గోదావరి వంతెన మీద ఎండ పడి తుపాకులు ధగధగలాడాయి. చూసేవాళ్లెవరూ లేరు. పాపం, వాటికది అలవాటు లేదు.

గూడెం చివర చేనుగట్టు మీద గొయ్యి సిద్ధంగా ఉంది. మేం దిగగానే డోళ్లు ఆపారు. ఇప్పచెట్ల కింద కూర్చున్న ఇద్దరు మా చేతుల్లోవి పరీక్షగా చూశారు.

"ఇవేంది బావా, పెండ్లికి కిరాయి తెచ్చిన సామాను లెక్కున్నయ్?"

"అవ్. సొట్ట పడితె పైసలు కట్టిచ్చుకుంటరు గావచ్చు."

సిపాయి భార్య గొయ్యి పక్కనే పిడికెడు మట్టి పట్టుకుని కూర్చుని ఉంది. నన్ను దగ్గరికి పిలిచింది.

"బిడ్డా, మూడుసార్లు మోగిస్తరు గదా? ఆయన ఎప్పుడూ చెప్పేటోడు, నేను పోయిన్నాడు సర్కారు తుపాకులు మోగుతయని. ఊళ్లె అందరు నవ్విన్రు. అవి మోగినంకనే మట్టేస్త. అప్పటిదంక ఎవర్నీ ముట్టనియ్య."

నేను ఇన్‌స్పెక్టరు వైపు చూశాను. ఆయన కెమెరా వైపు చూస్తున్నాడు. ఆమె మరిదిని పక్కకు తీసుకుపోయి ఉన్న సంగతి చెప్పాను.

"మోగనియి ఎందుకు తెచ్చిన్రు సారూ?"

"మెరుస్తయని."

ఆయన తుపాకీని ఒకసారి, నన్ను ఒకసారి చూశాడు. మా ఇద్దరి మీదా ఒకటే అభిప్రాయానికి వచ్చినట్టున్నాడు. ఉమ్మేసి చెట్లలోకి వెళ్లిపోయాడు.

పెద్ద సారు పూలదండ వేశాడు. మేం బారులు తీరి తుపాకులు ఆకాశానికెత్తాం. ఇన్‌స్పెక్టరు "ఫైర్" అన్నాడు. బస్సులో కండక్టరు టికెట్‌కు చిల్లు పెట్టినంత చప్పుడైంది. ఆమె పిడికిలి విప్పలేదు.

అంతలో ఇప్పచెట్ల వెనక ఢామ్మంది. కాకులు లేచాయి. పెద్ద సారు వంగాడు, గన్‌మెన్ ఆయన మీదికి వంగారు.

"ఏంది అది?" అన్నాడు పెద్ద సారు.

"మనదే సార్," అన్నాను.

"అవ్ సార్, మనదే," అన్నాడు ఇన్‌స్పెక్టరు, ఊపిరి పీల్చుకుని.

అది అడవి పందులను బెదిరించే నాటు తుపాకీ. ప్రతి మోతకూ గొట్టంలో మందు పోసి, కొబ్బరి పీచు కూరి, కడ్డీతో దంచాలి. చట్టప్రకారం అది ఉండకూడదు. మావి ఉండొచ్చు. అవతల దంపుడు వినబడుతుంటే మేం చేతులు లాగేస్తున్నా ఎత్తిన తుపాకులు దించలేదు. ఇన్‌స్పెక్టరు రెండో ఫైర్‌ను నోట్లోనే ఆపుకుని, చెవులు రిక్కించి, దంపుడు ఆగాక అరిచాడు. బాగానే కుదిరింది. మూడోసారి తొందరపడ్డాడు. మా టిక్కు ముందొచ్చింది, మోత తీరుబాటుగా వచ్చింది. మధ్యలో ఎవరో దగ్గారు.

ఆమె లేచి మట్టి వేసింది. డోళ్లు మళ్లీ మొదలయ్యాయి.

మేం వ్యాను ఎక్కబోతుంటే వచ్చి, నా తుపాకీ గొట్టం మీద అరచెయ్యి ఆనించింది.

"మంచిగ మోగినయ్ బిడ్డా." తరవాత గొంతు తగ్గించింది. "మా మరిది కాడ జర మందు వాసనొస్తది. అటు దిక్కు పోకున్రి."

"మేమెందుకు పోతం అవ్వా? మోగించింది మేమే గదా."

ఆమె నవ్వలేదు గానీ, పెదవి కొంచెం వంగింది.

వ్యాన్లో ఇన్‌స్పెక్టరు ఆ మట్టి చెయ్యి అచ్చు చూసి నా మీద కేకలేశాడు. నికెల్ పాడవుతుందట.