దాపటెద్దు

మా కాలేజీలో ఇంగ్లీషు మేస్టారు ‘హార్నెస్’ అంటే పశువుకి కట్టే సరంజామా అని ఒక్క ముక్కలో తేల్చేశారు. నాకు ఒళ్ళు మండింది. మా ఇంట్లో మెడకి కట్టేది పలుపు, ముక్కుకి వేసేది ముకుతాడు, తోలేవాడి చేతిలో ఉండేవి పగ్గాలు, రెండెద్దుల మెడల మీదా కలిపి పడేది కాడి. ఎవరైనా సంసారం బాధ్యత వదిలేసినా ‘కాడి పడేశాడు’ అనేవాళ్ళం. అన్నీ ఒకటే ఎలా అవుతాయి?

డెబ్బైల్లో, నేను బెజవాడలో డిగ్రీ చదివే రోజుల్లో, ఒక వానాకాలం గొంతువాపు వచ్చి మా వలపటెద్దు చచ్చిపోయింది. వలపట అంటే కుడివైపు కట్టేది. ఎడమవైపు కట్టే దాపటెద్దు ఒంటరిదైపోయింది. నాన్న ఒక కోడెని తెచ్చి పక్కన కడితే రెండిటికీ పడలేదు. చేలోకి అద్దె ట్రాక్టరు దిగింది. దాపటది మాత్రం కాలవకి నీళ్ళకి వెళ్ళినా బాటకి ఎడమ అంచునే నడిచేది, కుడిపక్కన చోటు వదిలిపెట్టి. చూస్తే ఏడుపొచ్చేది నాకు.

ఒంటెద్దుని అమ్మేద్దామనుకున్నాక, హనుమాన్ జంక్షన్ వైపు నుంచి ఒక బేరగాడు వచ్చాడు. చేతిలో తాడు తప్ప ఏమీ లేదు.

“దాపట కట్టుకుంటారా, వలపట కట్టుకుంటారా?” అని అడిగారు నాన్న.

“ఏ పక్కయితే ఏముందిలెండి!”

నాన్న ముఖం నల్లబడింది. ఏ పక్కయినా ఒకటే అనేవాడికి కాడితో పనిలేదు. ఎద్దు వెళ్ళేది కబేళాకే. “మీరు వెళ్ళండి” అన్నారు.

“వచ్చినవాళ్ళందర్నీ తగిలేస్తే, దీన్ని నెత్తిన పెట్టుకుని ఊరేగుతారా?” అంది అమ్మ. గడ్డివామి తరిగిపోతోందని ఆవిడ బాధ.

“కాడి తెచ్చినవాడికే ఇస్తాను” అని నాన్న భీష్మించుకు కూచున్నారు. వామి అడుగంటుతున్నా ఎవరూ రాలేదు. మా ఇంట్లో ఆ ఎద్దు మాట ఎత్తడమే మానేశాం.

చివరికి పక్క ఊరి రైతు ఒకాయన వచ్చాడు, భుజాన కాడి, వెంట తన వలపటెద్దు. ఆయన జతలో దాపటది పోయిందట. తన ఎద్దుని కుడివైపు నిలబెట్టి, దాని మెడ మీద కాడి ఒక కొస పెట్టి, రెండో కొస చేత్తో ఎత్తి పట్టుకున్నాడు. మాదాన్ని ఎవరూ అదిలించలేదు. తనంతట తనే వెళ్ళి ఎడమవైపు నిలబడి మెడ వంచింది.

పశువుని ఇచ్చినా దాని పలుపు ఇవ్వరు మా వైపు, ఇంటి కలిమి దాంతో పోతుందని. నాన్న మా పలుపు విప్పుకున్నారు. ఆ రైతు తను తెచ్చిన పలుపు దాని మెడకి కట్టాడు. కాడి కిందే జత కదిలింది. కాలవ వంతెన దాటేదాకా మేం ముగ్గురం గుమ్మంలోనే నిలబడ్డాం.

“ఇన్నేళ్ళు కుడితి పెట్టిన చెయ్యండీ ఇది. ఒక్కసారన్నా వెనక్కి తిరిగి చూడలేదు!” అంది అమ్మ, కళ్ళు ఒత్తుకుంటూ.

నాన్న పలుపుని చేతికి చుట్టుకుంటూనే ఉన్నారు.

“మెడ మీద కాడి ఉంటే ఎలా తిరుగుతుందే?” అన్నారు.