గింజకూ గింజకూ మధ్య

నిన్న మూడో పీరియడ్‌లో ఒక అమ్మాయి ఆలస్యంగా వచ్చి మొదటి బెంచీలో కూర్చుంది. కాసేపటికి గదిలో వాసన మారింది. విత్తనాలకు పట్టించే మందు వాసన అది. కొంచెం గంధకం, కొంచెం మట్టి కలిసినట్టు ఉంటుంది, సబ్బుతో ఎంత రుద్దినా రెండు రోజులు పోదు. చేతులు చూపించమన్నాను. అరచేతి గీతల్లో గులాబి రంగు ఇంకా ఉంది. పొద్దున్నే చేను విత్తి బస్సెక్కి వచ్చానంది. సరేనని బోర్డు వైపు తిరిగాను కానీ చెప్పబోతున్న వాక్యం గుర్తుకు రాలేదు. పద్నాలుగేళ్లుగా అనంతపురంలో ఒక ప్రైవేటు జూనియర్ కళాశాలలో ఇదే పాఠం చెబుతున్నాను. సరళరేఖలో గమనం, ఏటా వానాకాలం మొదట్లో, ఐదు సెక్షన్లకు ఐదుసార్లు. ఐదోసారి చెప్పేటప్పటికి నా గొంతు నాకే పరాయిదైపోతుంది. అలాంటిది, నిన్న ఆ వాసనకు మస్తాన్‌వలి సారు వచ్చి టేబులు అంచు మీద కూర్చున్నట్టే అనిపించింది.

మాది యాడికి దగ్గర ఒక పల్లె. నేను ఇంటర్ మొదటి ఏడాది చదివింది ప్రభుత్వ కళాశాలలో. మస్తాన్‌వలి సారు అక్కడ ఫిజిక్స్ కాంట్రాక్టు లెక్చరర్. పొద్దున ఒక కాలేజీ, మధ్యాహ్నం మా కాలేజీ, మధ్యలో రెండు బస్సులు. తరగతిలోకి వచ్చేటప్పటికే ఆయన చొక్కా వీపున చెమటతో అంటుకుపోయి ఉండేది. నిలబడి పాఠం చెప్పడం నేనెప్పుడూ చూడలేదు. మిగతా లెక్చరర్లందరూ "ఇది చాలా ఈజీ" అని మొదలుపెట్టేవాళ్లు. ఈజీ అన్నది అర్థం కాకపోతే మనం మొద్దులమనేగా లెక్క! సారు మాత్రం టేబులు అంచున కూర్చుని, ఇది కష్టమైన సంగతి, నాకు తలకెక్కడానికి రెండేళ్లు పట్టింది, మీకూ పడుతుంది అనేవాడు. ఆ మాట విన్నాక నాకు మొదటిసారి భయం తగ్గింది. అలసిపోయిన మనిషికి గొప్పలు చెప్పుకునే ఓపిక ఉండదని ఇప్పుడు నాకు తెలుసు. అప్పుడు మాత్రం అది ఆయన మంచితనమే అనుకున్నాను. బహుశా రెండూ నిజమే.

వేగం పాఠం రోజున ఆయన బోర్డు మీద వరసగా చుక్కలు పెట్టాడు. కొన్ని దగ్గరగా, కొన్ని ఎడంగా. చిన్న బండికి కాగితపు పట్టీ కట్టి లాగితే, ఒక యంత్రం సమానమైన వ్యవధుల్లో దాని మీద చుక్క పెడుతూ పోతుందని, మన ల్యాబులో ఉన్న యంత్రం పాడైపోయింది కాబట్టి బోర్డే దిక్కని చెప్పాడు. బండి ఎక్కడ జోరుగా పోయిందో చెప్పమన్నాడు. నాకు చిన్నప్పటి నుంచీ నోటిదురుసు. అందరికంటే ముందు లేచి, చుక్కలు దగ్గరగా ఉన్నచోట అన్నాను. తరగతంతా నవ్వింది. సారు నవ్వలేదు, ఎందుకని అడిగాడు.

"చేయి జోరుగా ఆడితేనే గింజలు దగ్గరగా పడ్తాయి సార్. మాయమ్మ విత్తనమేస్తాది, నేను చూసినా," అన్నాను.

మా అమ్మ ఓబుళమ్మ విత్తనం వేయడానికి కూలికి పోయేది. ఎద్దులు విత్తనాల గొర్రును లాగుతుంటే, వెనకే నడుస్తూ, గొర్రు మీది జడ్డిగంలోకి వేరుశనగ గింజలు వదలాలి. ఆ కొయ్యగిన్నెలోంచి గింజలు నాలుగు గొట్టాల్లోకి చీలి నాలుగు సాళ్లలో పడతాయి. పొద్దస్తమానం అదే నడక, అదే చేయి. సారు అంతా విని, ఈ యంత్రం చేయి మారదు, అందుకని నీ జవాబు తప్పు అన్నాడు. నేను కూర్చోబోయాను. ఆయన బోర్డు వైపే చూస్తూ, మరి మీ అమ్మ సాలులో గింజలు పలచబడితే ఎద్దులు తొందరపడ్డాయో, చేయి నిదానించిందో ఎట్లా తెలుస్తుందని తనలో తాను అనుకున్నట్టు అన్నాడు. నాకు తెలియదు, రేపు చెబుతానన్నాడు. తెలియదని తరగతిలో ఒప్పుకున్న సారును నేను అంతకుముందు చూడలేదు.

మర్నాడు ఆయన హాజరు కూడా పిలవకుండా నన్నే చూసి చెప్పాడు.

"ఒక చేయిని చూసి చెప్పలేం పాపా. ఇంకో చేయి కావాల."

ఒకే బండి మీద రెండు వేర్వేరు చేతులు గుర్తులు పెడుతుంటే, రెండు వరసలూ ఒకేచోట ఎడమైతే బండి తొందరపడ్డట్టు, ఒక్క వరసే ఎడమైతే ఆ చేయి నిదానించినట్టు. అంతే పాఠం. నోట్సు కూడా రాయించలేదు.

పది రోజులకు మొలకలు వచ్చాయి. మా ఊళ్లో తిమ్మారెడ్డి పొలం విత్తింది మా అమ్మే. ఆ చేలో నాలుగుచోట్ల మొలక బాగా పలచగా లేచింది. తిమ్మారెడ్డి చెడ్డవాడు కాదు కానీ మాట మెత్తగా చెప్పడం చేతకాదు. వీధిలో నలుగురూ ఉండగానే మా అమ్మను పిలిచి, "ఓబుళమ్మా, నీ చేతివాసి పోయింది. మళ్లొచ్చే వానకు వేరేవాళ్లను పిల్చుకుంటా, ఏమనుకోవాకు," అన్నాడు. చేతివాసి పోయిందన్న మాట ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి పోవడానికి పూట చాలు. వాన అదునులో ఎవరూ పిలవకపోతే మా అమ్మకు మిగిలేది కలుపు పని, అదీ వానలు నిలిస్తేనే. పైగా ఆమెకున్న గర్వమంతా ఆ చేతిలోనే ఉంది. ఆ సాయంత్రం ఆమె కుడిచేతిని కొంగులో చుట్టుకుని కూర్చుంది.

నేను వెళ్లి సారుకు చెప్పాను. కంది కూడా వేశారా అని అడిగాడు. వేశారు. గొర్రు వెనక తాడుతో కట్టిన ఒంటి గొట్టంలో మా పక్కింటి ఈరక్క కంది గింజలు వదిలింది. అది విని సారు, ఆదివారం వస్తానన్నాడు. ఆయనకు వారంలో మిగిలేది ఆ ఒక్క రోజే.

వచ్చాడు. చేతిలో దర్జీ టేపు. ముందు తిమ్మారెడ్డిని అనుమతి అడిగాడు, తర్వాత ఈరక్కను ఆ తాడు పొడవెంతో అడిగాడు. కంది గొట్టం అన్ని అడుగులు వెనక ఉంటుంది కాబట్టి ఆ మేరకు జరిపి పోల్చాలట. మొలక లేనిచోట వేలితో తవ్వి, గింజ పడి మొలవలేదో, అసలు పడనే లేదో చూడమన్నాడు. గింజ దొరికితే మొక్క ఉన్నట్టే లెక్క. ఆయన గట్టు మీద కూర్చున్నాడు. నేను మోకాళ్ల మీద పాకుతూ గింజకూ గింజకూ మధ్య ఎడం కొలిచి రెండు వరసలుగా రాశాను, ఒకటి అమ్మది, ఒకటి ఈరక్కది. తిమ్మారెడ్డి మొదట వేడుకగా చూశాడు, తర్వాత ఆయనే గొడుగు తెచ్చి సారుకు ఇచ్చాడు. మొదటి చోట రెండు వరసలూ కలిసి ఎడమయ్యాయి. రెండో చోటా అంతే. మూడో చోటా అంతే. ఆ మూడూ దిగువకు వాలిన జాగాలు. నా గుండె తేలికపడింది, ఎద్దులదే తప్పు. గట్టు మీద నిలబడ్డ అమ్మ వైపు చూసి నవ్వాను కూడా.

నాలుగోది చివరి సాలు, పొద్దువాలే వేళ విత్తింది. అక్కడ కంది మొక్కలు కొలిచి నాటినట్టు సమానంగా ఉన్నాయి. వేరుశనగ మాత్రం ఎడంగా, ఇంకా ఎడంగా పోయింది. టేపు మీద అంకె చూశాను. పుస్తకంలో వేరే అంకె రాశాను. తర్వాతి దానికీ అంతే. ఎవరూ చూడలేదనుకున్నాను. లెక్కలు తెలిసిన పిల్లనే కదా, కంది వరసకు సరిపోయేట్టు చక్కగానే అల్లాను. సారు లేచి వచ్చాడు, నడుము పట్టుకుని నా పక్కన గొంతుకూర్చున్నాడు, పుస్తకం చూశాడు, నేలను చూశాడు. పుస్తకం మూసి నా చేతికిచ్చాడు.

"నేనింకా చూడలేదు పాపా. మళ్లా కొలువు," అన్నాడు.

అరిచి ఉంటే ఎదురు చెప్పేదాన్నేమో. ఆయన గొంతులో కోపం లేదు, అలసటే ఉంది. ఏడుస్తూ మళ్లీ కొలిచాను. ఈసారి టేపు మీద ఏముంటే అది రాశాను.

సారు తిమ్మారెడ్డికి రెండు వరసలూ చూపించి నిదానంగా చెప్పాడు. మూడుచోట్ల ఎద్దులు తొందరపడ్డాయి, అక్కడ ఈమె తప్పు లేదు. నాలుగోచోట ఎద్దులు సరిగ్గానే నడిచాయి, చేయి నిదానించింది. తిమ్మారెడ్డి తల గోక్కుని, కొత్త కోడె దుడుకుదేలే అని ఒప్పుకున్నాడు. అందరమూ అమ్మ వైపు చూశాం. ఆమె నోట్లో నాలుక లేని మనిషి, అయినా ఆ రోజు మాట్లాడింది.

"రెడ్డన్నా, ఆ సాలులో చేయి తిమ్మిరెక్కింది. వేళ్లు యాడుండాయో తెలియలే. చెప్తే పిలవరని చెప్పలే."

తిమ్మారెడ్డి ఒకసారి చేను వైపు చూసి, మళ్లీ వానకు నువ్వే రా, పొద్దు నడినెత్తికి వచ్చేదాకా నువ్వు వెయ్యి, తర్వాత ఈరక్క జడ్డిగం పట్టుకుంటుంది అన్నాడు. అంటే సగం పని మిగిలింది, సగం పేరు మిగిలింది. నాకు మాత్రం సారు మీద మండిపోయింది. ఆ నాలుగో చోటు సంగతి ఎత్తకుండా ఊరుకుంటే ఆయన సొమ్మేం పోయేదని వారం రోజులు తరగతిలో ఆయన మొహం చూడలేదు. ఆయన పట్టించుకోలేదు, త్వరణం మొదలుపెట్టాడు.

ఆ ఆదివారం మధ్యాహ్నం జరిగిన సంగతి సారుకు నేనెప్పుడూ చెప్పలేదు. ఇంటికొచ్చాక అమ్మ కుడిచేయి నా ఒళ్లో పెట్టి, మూడు వేళ్లు చూపించి, వీటికి స్పర్శ తెలియక రెండేళ్లయిందని చెప్పింది. రెండేళ్లు. అన్నం కలిపేటప్పుడు, నాకు జడ వేసేటప్పుడు, గింజలు వదిలేటప్పుడు ఆమె వేళ్లను కళ్లతో చూసుకుంటూ పని చేసిందట. మర్నాడే తాడిపత్రి ఆసుపత్రికి తీసుకుపోయాం. మణికట్టు దగ్గర నరం నలిగిందన్నారు, ఇంకాస్త ముందు వచ్చి ఉంటే బాగుండేదన్నారు. కొంత నయమైంది, కొంత కాలేదు. మరుసటి ఏడాది సారు కాంట్రాక్టు పొడిగించలేదు. రాయదుర్గం వైపు ఏదో కాలేజీలో చేరాడని విన్నాను. వెళ్లి కలవాలని అనుకుంటూనే ఇన్నేళ్లు గడిచిపోయాయి. ఇది నా తప్పే, దీనికి ఏ ఎద్దుల మీదా నెపం వేయలేను.

మా కాలేజీలో ప్రాక్టికల్స్ రీడింగులు పిల్లలు ఒకరి పుస్తకంలోంచి ఒకరు దించుకుంటారు. యాజమాన్యానికి మార్కులు చాలు. నేను మళ్లీ చేయిస్తాను. పిల్లలు విసుక్కుంటారు, నాకూ విసుగే. ఇందులో పెద్ద నీతి ఏమీ లేదు. ఇష్టం లేని అంకెను రాయడం ఎంత బరువో తెలిసినదాన్ని, రాయకపోతే ఎవరి చేయి కొంగు చాటున దాగుతుందో కూడా చూసినదాన్ని.

అమ్మ ఇప్పుడు బుక్కరాయసముద్రంలో నాతోనే ఉంటోంది. ఆ వేళ్లు మళ్లీ మొద్దుబారుతున్నాయి, వారానికొకసారి ఎన్ని తెలియడం లేదో రాసుకోమని డాక్టరు చెప్పాడు. నిన్న సాయంత్రం ఆమె కళ్లు మూసుకుంది, నేను ఒక్కో వేలూ నొక్కాను. నాలుగు తెలియలేదంది. గట్టిగా నొక్కి మళ్లీ అడిగాను. నాలుగే అంది, దాచకుండా, బాధపడకుండా. పోయిన వారం మూడు. పుస్తకం తీసి నాలుగు అని రాశాను.