వంతెన సిపాయి

గోవిందప్పకు ఈ లోకంలో గిట్టని మనిషి ఒక్కడే. ఆ ఒక్కడూ ప్రాణస్నేహితుడు కావడమే వచ్చిన చిక్కు. పేరు తిప్పన్న. తాడిపత్రికి అయిదు మైళ్ళ దూరాన ఒకే ఊళ్ళో, ఒకే వీధిలో, నాలుగిళ్ళ ఎడంలో కాపురాలు. ఇద్దరూ నాపరాళ్ళ గనిలో ఒకే గుంటలో పని నేర్చుకున్నారు. తనను చూసి గోవిందప్ప ఏళ్ళ తరబడి కళ్ళలో నిప్పులు పోసుకుంటున్నాడని తిప్పన్నకు తెలియదు. కనీసం గోవిందప్ప అలా అనుకునేవాడు.

ఈ మంటకు కారణం ఆడమనిషి కాదు, పొలంగట్టూ కాదు. కవాతు మైదానంలో ఒకటీ రెండూ లెక్కపెట్టడం.

టెరిటోరియల్ ఆర్మీని మా వైపు వాలంటీరు పటాలం అనేవాళ్ళు. ఇష్టపడి చేరినవాళ్ళే అందులో సిపాయిలు. ఏడాదికి రెండు నెలలు క్యాంపుకు పోయి తుపాకీ పట్టడం, కవాతు చేయడం, మిగతా పది నెలలు ఎవరి పని వాళ్ళు చేసుకోవడం. యుద్ధమంటూ వస్తే మాత్రం పిలుపు అందిన వెంటనే మూట కట్టుకుని హాజరు కావాలి. వరసగా మూడేళ్ళు వానలు ముఖం చాటేసి, గనిలో కూడా పని సన్నగిల్లిన రోజుల్లో మిత్రులిద్దరూ దాంట్లో చేరారు. దేశభక్తి లేదని కాదు, ఉంది. దాంతోపాటు క్యాంపులో రెండు పూటలా రొట్టె, పప్పు, ఆదివారం మాంసం కూడా ఉన్నాయి.

గోవిందప్ప మంచి సిపాయి. ఇది అతను చెప్పుకున్న మాట కాదు, హవల్దారు పదిమందిలో అన్న మాట. పది గుండ్లు పేలిస్తే తొమ్మిది చక్రం నడుమ పడేవి. తిప్పన్నకు ఆరు పడితే గొప్ప. ఈ తొమ్మిదినీ ఆరునూ గోవిందప్ప మరిచిపోయిన రోజు లేదు.

1971 నవంబరులో పిలుపు వచ్చింది. మైదానంలో అందరినీ వరసగా నిలబెట్టి, సగం మందిని పడమటి సరిహద్దుకు పంపుతామని, సగం మంది రైలు వంతెనలకు కాపలా ఉండాలని అధికారి చెప్పాడు. ఎవరు ఎటో తేల్చడానికి ఆయన గురి చూడలేదు, చురుకుదనం చూడలేదు. వరసలో కుడి చివర నుంచి 'ఏక్, దో, ఏక్, దో' అని లెక్క చెప్పించాడు. గోవిందప్ప ఎప్పుడూ తిప్పన్నకు కుడిపక్కన నిలబడేవాడు. ఆ రోజు కుళాయి దగ్గర ఆలస్యమై, పరుగెత్తుకొచ్చి ఎడమపక్కన దూరాడు. తిప్పన్న 'ఏక్' అన్నాడు. గోవిందప్ప నోట 'దో' వచ్చింది. సరిహద్దుకు పోవాల్సిన ఏక్ వాళ్ళంతా ఒక అడుగు ముందుకు వేశారు. ఆ అడుగు తనదని, పోయే యుద్ధం తనదని గోవిందప్పకు అప్పుడే అనిపించింది. తర్వాత పన్నెండేళ్ళలో ఏనాడూ వేరే విధంగా అనిపించలేదు.

అతనికి పడిన వంతెన సొంత ఊరికి మూడు మైళ్ళలో ఉండడం ఇంకో అవమానం. కనీసం గుంతకల్లు అవతల ఎక్కడైనా వేసి ఉంటే కొంచెం మర్యాదగా ఉండేది. వంతెన కింద వంక. ఏడాదికి నాలుగు రోజులు నీళ్ళు పారితే ఆ వంకకు పండగే. మిగతా రోజుల్లో ఇసుక, తుమ్మచెట్లు, ఆ చెట్ల కింద మేకలు. పైన పట్టాల మీద బొగ్గు బండ్లు, నూనె ట్యాంకులు, ఒక్కోసారి గుడ్డ కప్పిన ఫిరంగులు పోయేవి. గోవిందప్ప తుపాకీ నిలబెట్టి వాటికి సెల్యూట్ చేసేవాడు. ఆ బండి కనుమరుగయ్యేదాకా చూసి, తర్వాత ఎంతసేపటికీ మనసు కుదుటపడక పట్టాల మీద కంకర ఏరి వంకలోకి విసిరేవాడు.

గడ్డికి వచ్చే ఆడవాళ్ళు ఊరుకుంటారా? శత్రువు ఈ పొద్దయినా వచ్చినాడా అని ఆరా తీసేవాళ్ళు. వస్తే ఎండన పడి వచ్చినవాణ్ణి ఊరికే కాల్చొద్దనీ, తమ దగ్గరికి పంపితే ఇంత సంగటి పెట్టి పంపుతామనీ అనేవాళ్ళు. ఒకసారి అనుమానం తగిలి గోవిందప్ప ఒక మనిషిని పట్టుకుని, చేతులు పైకెత్తించి గంటన్నర నిలబెట్టాడు. తీరా చూస్తే అతను కణేకల్ నుంచి గొర్రెల బేరానికి వచ్చినవాడు. ఆ దెబ్బతో ఊళ్ళో గోవిందప్పకు వంతెన సిపాయి అనే పేరు స్థిరపడిపోయింది.

యుద్ధం ముగిసింది. తిప్పన్న తిరిగివచ్చిన రోజు బస్సు దగ్గరికి తప్పెట్లు పోయాయి. ఊరంతా కదిలింది. ముసలివాళ్ళు అతని చేతులు పట్టుకున్నారు, ఆడవాళ్ళు దిష్టి తీశారు. గోవిందప్ప అదే వారంలో వంతెన దగ్గర నుంచి పరుపుచుట్ట నెత్తిన పెట్టుకుని కాలినడకన వచ్చాడు. దారిలో ఎదురైన ఒక పెద్దమనిషి, చెనక్కాయలు ఎంతకు అడుగుతున్నారని పలకరించాడు. అతను సంతకు పోయి వస్తున్నాడనుకున్నాడు మరి.

తర్వాత పతకాలు వచ్చాయి. తిప్పన్నకు రెండు, గోవిందప్పకు ఒకటి. ఆ ఒకటీ ఆ ఏడు యూనిఫారం తొడిగిన ప్రతివాడికీ ఇచ్చినదే. పటాలంలో వంట చేసినవాడికీ వచ్చింది. గోవిందప్ప దాన్ని బట్టల పెట్టె అడుగున తోసేశాడు. అంతటితో ఊరుకున్నాడా? తిప్పన్న రెండు పతకాలూ ఎప్పుడు పెట్టుకుంటాడా అని కాచుకుని కూర్చున్నాడు. తిప్పన్న పెట్టుకోడు. ఆగస్టు పదిహేనుకు బడిలో జెండా ఎగరేయడానికి పిలిస్తే, ఉతికిన తెల్ల చొక్కా తొడుక్కుని వచ్చి, తాడు లాగి, పిల్లలకిచ్చే పిప్పరమెంటు బిళ్ళల్లో తనూ ఒకటి తీసుకుని వెళ్ళిపోయేవాడు. అలా పెట్టుకోకపోవడం చూస్తే గోవిందప్పకు మరింత మండేది. అంత గొప్పవాణ్ణి, నాకు వీటితో పనేమిటి అని చూపించుకోవడం కాకపోతే ఏమిటది?

యుద్ధం సంగతులు కూడా తిప్పన్న చెప్పేవాడు కాదు. చెప్పకపోయేసరికి జనమే కల్పించుకున్నారు. ఒక ఏడు అతను ఇద్దరిని చంపాడు. ఇంకో ఏడుకు వాళ్ళు పన్నెండుమంది అయ్యారు. టీకొట్టు దగ్గర ఈ లెక్క పెరిగినప్పుడల్లా గోవిందప్పకు టీ చేదయ్యేది. పదికి ఆరు కొట్టేవాడు పన్నెండుమందిని ఎలా చంపాడయ్యా అని అడగాలని నాలుక చివరిదాకా వచ్చేది. అడిగితే కుళ్ళు అంటారు. కుళ్ళే కదా మరి.

అతని భార్య సుంకమ్మ ఇదంతా చూసి చూసి ఒకరోజు అనేసింది.

"ఆయప్ప యుద్ధానికి పోయొచ్చి, కాళ్ళు కడుక్కోని పనికి పోతాండాడు. నువ్వేమో పోకుండానే ఇంగా యుద్ధం చేస్తాండావు."

గోవిందప్ప రెండు రోజులు భార్యతో మాట్లాడలేదు.

ఈలోగా అతను గుంట పని మానేసి అక్షరాలు చెక్కే పనిలోకి దిగాడు. గుడి మెట్ల మీద దాతల పేర్లు, సమాధుల మీద తారీకులు, కొత్త ఇళ్ళ మీద ఇంటిపేర్లు. చుట్టుపక్కల పది ఊళ్ళలో రాతి మీద అక్షరం కావాలంటే గోవిందప్ప ఉలే. 1983లో బడికి కొత్త గది కట్టినప్పుడు హెడ్మాస్టరు నరసింహప్ప, దాని గోడకు పెట్టే రాతి పలక మీద చెక్కమని ఒక కాగితం పట్టుకుని అతని దగ్గరికే వచ్చాడు. ఆయన చిలమత్తూరు నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి, పాత సంగతులు తెలియవు. కాగితంలో ఇలా ఉంది: '1971 యుద్ధంలో దేశరక్షణకు వెళ్ళిన ఈ ఊరి సిపాయి తిప్పన్న.'

గోవిందప్ప ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు. మరి నా పేరో అని అడిగాడు. అడగడానికి అతనికి ఎంత కష్టమైందో దేవుడికి తెలియాలి. ఆ పలక మీద పేరుంటే చాలు, తనూ యుద్ధం చేసినవాడే అవుతాడు. లేకపోతే మనవళ్ళ కాలానికి కూడా వంతెన సిపాయే. నరసింహప్ప నీళ్ళు నమిలి, విచారించే రాశానని, గోవిందప్ప ఊళ్ళోనే ఉన్నాడని చెప్పారని, యుద్ధానికి వెళ్ళినవాళ్ళ పేర్లే పెట్టాలనుకున్నామని అన్నాడు. గోవిందప్ప సరేనని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

నాపరాయి పొరలు పొరలుగా ఉంటుంది. అక్షరం పది కాలాలు నిలవాలంటే ఉలి పై పొర దాటి కిందిదాంట్లోకి దిగాలి. పై పొరలోనే ఆపేస్తే, నాలుగైదు ఏళ్ళు ఎండకు ఎండి వానకు తడిసి ఆ పొర పెచ్చులుగా లేస్తుంది, అక్షరం దాంతోపాటే పోతుంది. కొత్తలో రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి. తేడా తెలిసేది రాతిపని తెలిసిన చేతికే. గోవిందప్ప '1971' లోతుగా దించాడు. 'దేశరక్షణ' ఇంకా లోతుగా దించాడు. 'తిప్పన్న' దగ్గరికి వచ్చేసరికి ఉలిని వాలుగా పట్టి, సుత్తెతో మెల్లగా తట్టుకుంటూ పోయాడు. ఎంత ముద్దుగా తట్టాడంటే, పక్కనున్నవాళ్ళు చూసి ఎంత శ్రద్ధగా చేస్తున్నాడో అనుకుని ఉంటారు. అయిదేళ్ళు పోనీ, చూద్దాం, అనుకున్నాడు. చాలా కాలం తర్వాత ఆ పూట అతనికి అన్నం రుచించింది.

మరునాడు మధ్యాహ్నం తిప్పన్న వచ్చాడు. బడిపంతులుతో మాట్లాడి వస్తున్నానని, గోవిందప్ప పేరు కూడా చెక్కాలని, లేకపోతే తన పేరూ వద్దని గట్టిగా చెప్పానని అన్నాడు. గోవిందప్పకు సంతోషం కలగాలి. కలగలేదు. ఆఖరికి తన పేరు కూడా వీడు దయతలిస్తే రావాలా అని మండింది. తిప్పన్న పలక ముందు గొంతుక్కూర్చున్నాడు. గనిలో పుట్టి పెరిగిన చెయ్యి కదా, ఊరికే ఉండలేదు. బొటనవేలు ఒక్కో అక్షరం మీదుగా నడిచి, తన పేరు దగ్గర ఆగింది. వెనక్కి వెళ్ళి మళ్ళీ వచ్చింది.

"నా పేరు పై పొరలోనే ఆపినావే," అన్నాడు.

గోవిందప్ప ఇక దాచలేదు. కుళాయి దగ్గర ఆలస్యం కాకపోతే ఏక్ అనాల్సింది తనేననీ, తొమ్మిది కొట్టే తనను మేకల దగ్గర నిలబెట్టి ఆరు కొట్టేవాణ్ణి యుద్ధానికి పంపారనీ, పన్నెండేళ్ళుగా తిప్పన్న ముఖం చూస్తే కడుపు రగిలిపోతోందనీ మొత్తం కక్కేశాడు. తిప్పన్న అడ్డు చెప్పకుండా విన్నాడు.

"నీ కుళ్ళు నాకు ఎప్పుడో తెలుసు," అన్నాడు. "నేను నిన్ను చూసి కుళ్ళుకుంటాండేది నీకు తెలుసునా?"

ఎగతాళి చేస్తున్నాడని గోవిందప్ప తలెత్తి చూశాడు. తిప్పన్న ముఖంలో ఎగతాళి లేదు.

"ఆ నెలలో నాకు బిడ్డ పుట్టె గదా," అన్నాడు తిప్పన్న.

ఆ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు, ఎవరూ ఎత్తరు. యుద్ధం నడుస్తున్న డిసెంబరులో తిప్పన్న భార్య రామలక్ష్మమ్మ ఆడపిల్లను కన్నది. మొదటి కానుపు. పద్దెనిమిది రోజులు బతికి, జ్వరం తగిలి పోయింది. తండ్రి తిరిగివచ్చేసరికి అంతా అయిపోయింది. తర్వాత ఇద్దరు మగపిల్లలు పుట్టారు, పెద్దవాళ్ళవుతున్నారు. ఆ పద్దెనిమిది రోజుల్లో గోవిందప్ప వంతెన నుంచి ఒక పూట సెలవు మీద ఊరికి వచ్చాడు. రామలక్ష్మమ్మ తల్లి బిడ్డను తెచ్చి అతని చేతుల్లో పెట్టి, తండ్రి బదులు నువ్వు చూసి ఎట్లుందో జాబు రాయి నాయనా అని బతిమాలింది. అతను రాశాడు కూడా.

"నీ జాబు వచ్చినప్పుడు ఇసుకలో గుంత తవ్వుకోని దాంట్లో పండుకోనుంటి," అన్నాడు తిప్పన్న. "ఒక్క వరస రాసినావు, బిడ్డ బాగుండాది అని. కడమదంతా ఫిరంగి శబ్దం ఎట్లుంటాది, నువ్వెంతమందిని కొట్టినావని అడిగినావు. ఆ ఒక్క వరస ఎన్నిసార్లు చదివింటానో. నా బిడ్డను నేను చూడలా. నువ్వు చూస్తివి. నువ్వు ఎదురొచ్చినప్పుడల్లా, ఈయప్ప చూసినాడే అనుకుంటా."

గోవిందప్ప చేతిలోని ఉలిని కింద పెట్టాడు.

"రామలక్ష్మమ్మను అడగలేను. అడిగితే ఆయమ్మ రెండు దినాలు లేవదు. నువ్వు చెప్పు. ఎట్లుండె? ఎవరి మాదిరి ఉండె?"

గోవిందప్ప కళ్ళు మూసుకుని వెతికాడు. ఆ రోజు గుర్తుకొచ్చింది. వాకిట్లో నిలబడ్డాడు, చేతుల్లో పాత చీరగుడ్డ చుట్టిన బిడ్డ, పెద్ద బరువేమీ లేదు. ఎదురుగా టీకొట్టులో రేడియో మోగుతోంది. మధ్యాహ్నం వార్తలు. పడమటి సరిహద్దు అని వినిపించగానే అతను అటు తిరిగాడు. తిప్పన్న ఉన్న చోటి పేరు చెబుతారేమో, అక్కడ కాల్పులు జరుగుతున్నాయేమో, తను లేని యుద్ధం ఎక్కడిదాకా వచ్చిందో అని ఊపిరి బిగబట్టి విన్నాడు. వార్తలు అయిపోయాక బిడ్డను ముసలమ్మ చేతికిచ్చి గబగబా వెళ్ళిపోయాడు. ముఖం కోసం ఎంత వెతికినా గుడ్డ తప్ప ఏమీ దొరకలేదు. అచ్చం నీ మాదిరే ఉండె అనేస్తే సరిపోయేది. ఏ తండ్రికైనా ఎవరైనా చెప్పే మాటే, తిప్పన్న నమ్మేవాడు కూడా. ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

"నేను చూడలా తిప్పన్నా," అన్నాడు. "ఎత్తుకుంటి గాని, బిడ్డ దిక్కు చూడలా. రేడియో వింటాంటి."

తిప్పన్న లేచి వెళ్ళిపోతాడనుకున్నాడు. తిట్టినా బాగుండేది. తిప్పన్న అక్కడే కూర్చుని, రాతిపొడి మీద వేలితో గీతలు గీస్తూ ఉండిపోయాడు. తల ఎత్తకుండానే అడిగాడు.

"రేడియోలో ఏమి చెప్పిరి ఆ పొద్దు?"

ఆ వార్తలు గోవిందప్పకు మొదటి మాట నుంచి ఆఖరి మాట దాకా గుర్తున్నాయి.

"గుర్తు లేదు," అన్నాడు.