కొంగు దగ్గర ఆగే చెయ్యి

2023 వేసవి. రాజమండ్రిలో మా డిజైన్ స్టూడియో అంటే మేడమీద ఒక గది, రెండు కంప్యూటర్లు, బుద్ధి పుట్టినప్పుడు పనిచేసే ఒక ఏసీ. యాప్‌లకూ వెబ్‌సైట్లకూ బొమ్మలు గీసి వాటిని కదిలించడం నా వృత్తి. "ఇంత చదివి బొమ్మలేసుకుంటావా" అని మా అమ్మ ఇప్పటికీ అంటుంది. ఆ వేసవిలో పెద్దాపురం నుంచి సుబ్బారావు గారని పట్టుచీరల వ్యాపారి వచ్చారు. కొట్టుకి కొత్తగా యాప్ చేయిస్తున్నారు. దానికి స్టైల్ గైడ్ కావాలి.

స్టైల్ గైడ్ అంటే ఆ కొట్టు బొమ్మలకు ఉండాల్సిన కట్టుబాట్లు. గీత ఎంత లావుండాలి, ఏ రంగు పక్కన ఏ రంగు, ఏది కదలాలి, ఏది కదలకూడదు. రేపు నా బదులు ఇంకొకరు గీసినా ఆ కొట్టు బొమ్మలాగే కనబడాలి. అందులో నేను ఎప్పుడూ మొదట రాసే సూత్రం, కారణం లేకుండా ఏదీ కదలకూడదని. మా వృత్తిలో అందరూ చెప్పే మాటే, పాటించేవాళ్ళే తక్కువ.

బొమ్మలు ఆయనకు వెంటనే నచ్చాయి. పేచీ అంతా యానిమేషన్ దగ్గర వచ్చింది. చీర మీద వేలు పెడితే ఆ చీర విచ్చుకోవాలి. నేను నాటకంలో తెర లేచినట్టు లేపాను. ఆయన ఫోన్ దగ్గరగా పెట్టుకుని చూశారు.

"చీర ఎవరైనా అలా విప్పుతారా అండి?"

ఇంకోలా చేశాను, కాదన్నారు. ఈజింగ్ మార్చాను. కదలిక ఎక్కడ జోరందుకోవాలి, ఎక్కడ నెమ్మదించాలి అన్న లెక్క అది. అదీ కాదన్నారు. నాకు ఒళ్ళు మండింది. "అయితే ఎలా విప్పాలో మీరే చూపించండి" అన్నాను.

ఆయన తన చేతులు చూసుకున్నారు. "నాకు రాదండి. మా కొట్లో విప్పడం మా అన్నయ్య పని. నాది మడతపెట్టడం. కొట్టు పంచుకున్నప్పుడు మాటా మాటా వచ్చిందండి. ఇప్పుడు పిఠాపురంలో సొంతంగా పెట్టుకున్నాడు, మాటల్లేవు. మీరు ఓసారి వెళ్ళి చూసి రండి. నేను పంపానని మాత్రం చెప్పకండి."

ఆయనకు కావలసింది అన్నగారి చెయ్యి అని అప్పటికి నా బుర్రకెక్కింది. మర్నాడే పిఠాపురం వెళ్ళాను. అన్నగారి పేరు వెంకటరత్నం గారు. చిన్న కొట్టు, తెల్ల దుప్పటి పరిచిన పరుపు. నా కార్డు ఇచ్చి, యాప్ కోసం చీరల బొమ్మలు గీస్తున్నాననీ, ఆయన చీర విప్పుతుంటే వీడియో తీసుకుంటాననీ చెప్పాను.

"ఏ ఊరి కొట్టుకండి?"

"పెద్దాపురమండి."

ఇంకేమీ అడగలేదు. వంగపండు రంగు చీర తీసి ఒక్క విసురు విసిరారు. కొంగు వచ్చి పరుపు మీద పరుచుకుంది. అరచేత్తో ఒకసారి నిమిరి, చెయ్యి అంచు మీదే ఉంచి ఆగిపోయారు. చీరని చూడటం లేదు, నా మొహం చూస్తున్నారు. నేను కొంగు ముట్టుకునేదాకా రెండో మడత కదల్లేదు.

"తొందరపెడితే కొనేవాళ్ళకి మనసు కుదరదండి" అన్నారు.

నా బొమ్మల్లో లేనిది ఆ ఆగడమే. రాజమండ్రి వచ్చి, ఈసారి ఆ చేతితో సహా అంతా మళ్ళీ మొదటి నుంచీ గీశాను. ఇప్పుడు యాప్‌లో కొంగు పరిచాక చెయ్యి అక్కడే ఉంటుంది. చూసేవాళ్ళు వేలితో ముట్టుకుంటే మిగతా చీర విప్పి తప్పుకుంటుంది. సుబ్బారావు గారు అది చూసి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఇదేనండి" అన్నారు, అంతే.

యాప్ జనంలోకి వెళ్ళాక పిఠాపురం నుంచి ఫోన్ వచ్చింది.

"విప్పడం బాగుందమ్మా. మరి మడత ఏది? పేజీ మూసేస్తే చీర గభాల్న మాయమైపోతోంది. పట్టుచీర విప్పి ఎవరైనా అలా వదిలేస్తారా? నేను విప్పిందల్లా మా తమ్ముడే మడిచేవాడు. వాడు మడిస్తే ఇక ఇస్త్రీ అక్కర్లేదు."

ఆ మాట ఉన్నదున్నట్టు పెద్దాపురం మోసుకెళ్ళాను. "అన్నయ్యే అన్నాడా అండి ఆ మాట?" అని అడిగిందే మళ్ళీ అడిగారు సుబ్బారావు గారు. తర్వాత ఒక చీర ముందుకు లాక్కుని, "కెమెరా పెట్టుకోండి" అన్నారు. అంచుకి అంచు కలిపి ఆయన మడతపెడుతుంటే వీడియో తీసుకున్నాను. స్టైల్ గైడ్‌లో ఇంకో సూత్రం చేరింది: తెరుచుకున్నదల్లా అంతే శ్రద్ధగా మూసుకోవాలి. ఇప్పుడు ఆ యాప్‌లో చీర విప్పేది అన్న, మడిచేది తమ్ముడు. బయట మాత్రం ఇద్దరికీ మాటల్లేవు.

బొమ్మ ఎంత వేగంగా కదలాలో నాకు చాలామంది నేర్పారు. ఎక్కడ ఆగాలో నేర్పింది ఈ పనే. ఆ మధ్య వేరే పని మీద మళ్ళీ పెద్దాపురం వెళ్ళాను. మిట్టమధ్యాహ్నం, కొట్లో బేరాల్లేవు. సుబ్బారావు గారు ఫోన్‌ని గల్లాపెట్టెకి ఆనించి నిలబెట్టి, ఎదురుగా కూర్చున్నారు. తెర మీద కొంగు పరిచి ఆ చెయ్యి ఆగి ఉంది.

"ఏమైందండి, పనిచెయ్యట్లేదా?" అంటూ వేలు చాపాను.

ఆయన ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టారు.

"ముట్టుకోకండి. ముట్టుకుంటే వెళ్ళిపోతాడు."