ప్రైవసీకి తెలుగేంటండీ?

నిన్న నాకేమైందో వింటే మీరు నవ్వుతారు. నవ్వండి, నాకు మాత్రం నవ్వు రావడం లేదు. ఒక్క ఇంగ్లీషు మాటకు తెలుగు కావాలన్నాను, అంతే! ఇల్లంతా నా గదిలోకి వచ్చి పడింది.

హిమాయత్‌నగర్‌లో ఒక యాడ్ ఏజెన్సీకి తెలుగు రాసేవాడు కావాలట. కొత్త అపార్ట్‌మెంట్ల బ్రోషర్ చేతిలో పెట్టి, "సాయంత్రం అయిదుకల్లా తెలుగుల తెచ్చియ్యి. లేటైతే ఇంకొకతనున్నడు" అన్నాడు మేనేజర్. నేనా, అశోక్‌నగర్‌లో సర్కారు ఉద్యోగాల కోచింగుల చుట్టూ తిరిగి తిరిగి చెప్పులరిగినవాణ్ని. ఇదీ పోతే ఇంక ఊరికి బస్సెక్కడమే.

చిక్కడపల్లిలో ఒక పాత ఇంట్లో ముందు గది నాది. మధ్యాహ్నానికల్లా అంతా రాసేశాను, ఒక్క 'ప్రైవసీ' తప్ప! ప్రతి ఫ్లాట్‌లో ఫుల్ ప్రైవసీ అట. డిక్షనరీలో ఏకాంతం, గోప్యత అని ఉంది. ఏకాంతం అంటే కొత్త దంపతులకే అమ్ముతున్నట్టుంది. గోప్యత అంటే లోపల ఏదో దొంగ వ్యాపారం నడుస్తున్నట్టుంది!

ఆగలేక, వాకిట్లో బియ్యం ఏరుతున్న ఓనరమ్మ సుశీలమ్మ గారిని అడిగాను.

"అంటే ఏంది బిడ్డా?"

"మన గదిలో మనం ఉంటే ఎవరూ రాకుండా ఉండటమండీ."

"అయ్యో పాపం! ఎవ్వరు రారా? పండుగకు గూడ రారా? గసొంటి ఇల్లు ఎవరు కొంటరు?"

ఈ మాటలు విని మేడ మీది రిటైర్డ్ తెలుగు మాస్టారు మూర్తి గారు దిగొచ్చారు. "ఏదీ, ఆ కాగితం ఇలా ఇవ్వు బాబూ. అసలు మొదటి వాక్యమే బాగోలేదు" అంటూ నా కుర్చీలో కూర్చుని కలం తీశారు. వెనకాలే పక్క పోర్షన్ వాళ్లు, వాళ్లింటికొచ్చిన చుట్టాలు! గడియారం చూస్తే నాలుగు కావస్తోంది. అందరినీ బతిమాలి బయటికి పంపించి గడియ పెట్టాను.

అదే నా కొంప ముంచింది. ఆ ఇంట్లో పట్టపగలు ఎవరూ గడియ పెట్టరు. పెట్టారంటే లోపల మనిషికి ఏదో అయిందనే లెక్క.

"తలుపేసుకున్నడు! పొద్దుగాల సంది మొఖమే మంచిగ లేదు!" అని సుశీలమ్మ గారి కేక.

"బాబూ, పలుకు నాయనా!" మాస్టారు.

"బాగానే ఉన్నానండీ! రాసుకుంటున్నా!"

"గొంతు వణుకుతున్నది! జర జరుగుండ్రి!" అన్నాడు ఆవిడ భర్త, మా ఓనరు.

ఒక్క తోపు! పాత గడియ, పాత తలుపు, రెండూ నా మంచం మీద పడ్డాయి. వాటి మీద ఓనరు.

ఏడుపొక్కటే తక్కువ. ఆ కోపంలో చేతికొచ్చింది రాసేసి, నారాయణగూడ మీదుగా పరుగో పరుగు. మేనేజర్ కాగితం తీసుకుని పైకే చదివాడు. "మా ఫ్లాట్లలో గడియ పెట్టుకుంటే ఎవరూ తలుపు పగలగొట్టరు." పొట్ట పట్టుకుని నవ్వాడు. "నౌకరీ ఇస్త గని తమ్మీ, గిది కొట్టేసి ప్రైవసీ అనే రాయి. అందరికి తెల్సిన మాటేనాయె!"

స్వీట్లు కొనుక్కుని ఇంటికొచ్చాను. అందరికీ నాకంటే ఎక్కువ సంబరం! సుశీలమ్మ గారు మైసూర్‌పాక్ నములుతూ అడిగారు.

"గా మాటకు తెలుగు దొరికిందా బిడ్డా?"

"లేదండీ."

"మరి గదేందో తెల్వకుండ తలుపెందుకు? దొరికినంక పెట్టిద్దాం తియ్యి."

ప్రస్తుతానికి గుమ్మానికి దుప్పటి కట్టుకున్నాను. ఆ మాటకు తెలుగు మీలో ఎవరికైనా తెలిస్తే జర చెప్పండి. ఉద్యోగానికి కాదు బాబూ, తలుపు కోసం!