తూకం వేయని చేప

“నా హోటలు ముందు నుంచి జనాన్ని తరిమేయడానికి నీకు జీతం ఎవరిస్తున్నారు చెల్లెమ్మా?” అని పండెలీస్ ఒకసారి నిలదీశాడు. అసిమీనా బాల్కనీలో దుప్పట్లు ఆరేస్తోంది. అతను కింద, తన హోటలు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. సందంతా విన్నది.

ఎవరూ ఇవ్వడం లేదు. మొగుడు ఓడల మీద తిరుగుతుంటే, ఏథెన్స్ పాతపేటలో రెండు గదులు అద్దెకిచ్చి సంసారం లాగుతున్న మనిషి అసిమీనా. తాళంచెవితో పాటు ప్రతి అతిథికీ ఒకటే పాఠం చెబుతుంది: గుమ్మంలో నిలబడి చెయ్యి పట్టుకు లాగేవాడి దగ్గర తినకండి, చేప కావాలంటే వంటింట్లోకి వెళ్ళి మీరే ఎంచుకోండి, మీ కళ్ళ ముందు తూచమనండి. వాళ్ళు బుద్ధిగా తలూపుతారు. ఊపి, తిన్నగా వెళ్ళి పండెలీస్ దగ్గరే కూర్చుంటారు. అక్కడి నుంచి కొండ మీది గుడి బాగా కనబడుతుందట. గుడిని చూస్తూ తింటే చేప బరువు పెరుగుతుందని వాళ్ళకు తెలియదు. మర్నాడు మొహాలు వేలాడేసుకుని బిల్లు చూపిస్తారు. ఆతిథ్యం గ్రీకుల రక్తంలో ఉందని రాసేవాళ్ళు అలాంటి బిల్లు ఒకటి కట్టి చూడాలి.

చిక్కేమిటంటే, పండెలీస్ ఆమె కూతురు మిర్తోకు జ్ఞానతండ్రి, బాప్తిస్మంలో పిల్లను ఎత్తుకున్నవాడు. ఈస్టరుకు పిల్లకు కొవ్వొత్తి తేవలసినవాడు అతనే, ఇంకెవరు తెచ్చినా చెల్లదు.

“ఈ యేడు కొవ్వొత్తి సంగతి ఆలోచించాలి,” అన్నాడతను, పైకి చూస్తూ.

ఏ రంగుది తెస్తాడని మిర్తో రోజూ అడుగుతోంది. అసిమీనా దిగివచ్చింది.

“సరే అన్నా. పోలండ్ నుంచి వచ్చిన ముసలి దంపతుల్ని సాయంత్రం నేనే తీసుకొస్తాను. తూచి పెట్టు.”

“నామీద నమ్మకం లేదా?”

“నీమీద ఉంది. నీ తక్కెడ మీదే లేదు.”

సాయంత్రం చేప తూకం లేకుండానే బల్ల మీదికొచ్చింది. “మన ఇంటి మనుషులకు తూచి పెడతానా, సిగ్గులేదూ!” అన్నాడు పండెలీస్. పళ్ళు ఊరికే, సారా ఊరికే. చేప మాత్రం నూట అరవై నాలుగు యూరోలు. ముసలాయన కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. అసిమీనా బిల్లు లాక్కుంది.

“వీళ్ళు నా అతిథులు. నేను కడతాను.”

పండెలీస్ మొహం మాడిపోయింది. జ్ఞానపుత్రిక తల్లి దగ్గర అన్నానికి డబ్బు పుచ్చుకున్నాడంటే ఆ సందులో ఇక తలెత్తుకోలేడు.

“నీ దగ్గర తీసుకుంటానా? ఇటివ్వు.”

“ఇవ్వను. అతిథుల ముందు నా పరువు తీయకు.”

చెరో కొస పట్టుకుని గుంజుకున్నారు. కొట్టుకుంటారేమోనని ముసలావిడ కుర్చీ వెనక్కి జరుపుకుంది.

“ఖాతాలో ఉండనీలే,” అన్నాడు చివరికి.

“ఉండనీ. రేపు ఇంకో జంటను తెస్తాను. వాళ్ళ బిల్లూ నేనే కడతాను, ఖాతాలో రాసుకో.”

ఈస్టరు ముందు శనివారం కొవ్వొత్తి వచ్చింది, నీలం రంగుది. అప్పటి నుంచి అసిమీనా ఇంట దిగినవాళ్ళకు పండెలీస్ చేపను తూచే పెడుతున్నాడు, మిగతావాళ్ళకు ఎప్పటిలాగే. ఆ నూట అరవై నాలుగు యూరోలు ఆమె ఇంకా కట్టలేదు.